మూల చిరిగిన కార్డు

పిక్కిలి,
4 జూన్ 1944

తమ్ముడు రామకృష్ణప్పకు,

మొదటి వరసలో అందరం క్షేమమని రాయాలి. ఈ పూట నాకది రాయబుద్ధి కావడం లేదు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మనసే ఒకచోట నిలవడం లేదు.

నిన్న ధర్మపురి నుండి చిన్నప్పన్ అనే ఆయన వచ్చాడు. మొండి బాకీలు వసూలు చేయడం ఆయన పని. మీ బావ మూడేళ్ళ కిందట తీసుకున్న జీవిత బీమా గుర్తుంది కదా? ఆ కంపెనీ వాళ్ళు ఈ తాలూకాలోని పాత బాకీలన్నీ ఈయనకు అప్పగించారట. అందులో మీ బావ పేరు కూడా ఉన్నదట.

మేము ఆరు నెలలకొకటి చొప్పున మూడు కంతులు కట్టి, నలభై రెండులో వానలు ఎగ్గొట్టినప్పుడు మానేశాం. ఊరికే మానలేదు. రద్దు చేయమని నీ చేత ఇంగ్లీషులో అర్జీ రాయించి, మీ బావ వేలిముద్ర వేసి నీకే పంపాడు. కంపెనీ అప్పుడు జపాను బాంబుల భయంతో మద్రాసు వదిలి మీ బెంగుళూరుకే వచ్చి ఉన్నది. అర్జీ ఆఫీసులో ఇచ్చానని నువ్వు జవాబు రాశావు. అంతటితో పీడ వదిలిందనుకున్నాం.

వదల్లేదట. రద్దు అయినట్టు వాళ్ళ పుస్తకాల్లో లేదట. తరువాతి నాలుగు కంతులూ కంపెనీయే మా తరపున కట్టి మా పేర అప్పు రాసుకున్నదట. వడ్డీతో కలిపి నూట ముప్పయ్యొక్క రూపాయి. ఆడి నెల పద్దెనిమిదిలోగా కట్టకపోతే కోర్టుకు పోయి ఎద్దులను జప్తు చేయిస్తానన్నాడు. మాట మెత్తగానే ఉంది. మంచినీళ్ళు అడిగి తాగాడు. పోతూ పోతూ ఎద్దుల నోరు తెరిచి పళ్ళు చూశాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ఆడిలో రాగి విత్తాలి, చెనక్కాయ వేయాలి. ఎద్దులు పోతే ఈ ఏడాదంతా మేమిద్దరం కూలికి పోవలసిందే. మీ బావ మాత్రం, “ఒక ఎద్దును అమ్మి పారేస్తాము. కోర్టు మెట్లెక్కితే మానం పోతాది” అంటున్నాడు. ఒంటి ఎద్దుతో ఎట్లా దున్నుతాడట? రెండో పక్క నన్ను కడతాడు కాబోలు. లేని బాకీ కట్టడం నా వల్ల కాదు. నాన్న మనిద్దరికీ ఒకే పలక మీద అక్షరాలు దిద్దించింది ఇట్లాంటి కాగితాలకు తల వంచడానికి కాదు.

రద్దు అయినట్టు కంపెనీ ఇచ్చిన చీటీ ఏదైనా నీ దగ్గర ఉంటే వెంటనే పంపు. వెంటనే అంటే, ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకునే లోపల.

అక్క
నాగవేణమ్మ


బెంగుళూరు,
11 జూన్ 1944

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

బావ నిన్ను కాడికి కట్టడమన్న మాట చదివి ఆఫీసులో పైకే నవ్వాను. నిన్ను కట్టాలంటే బావకు ఇంకో పుట్టుక కావాలి. మిగతాది చదివిన తరువాత నవ్వు రాలేదు.

కంపెనీ కిందటేడే మద్రాసుకు తిరిగి వెళ్ళిపోయింది. ఇక్కడ వాళ్ళ ఆఫీసు ఉన్న మేడలో ఇప్పుడు పట్టాళం వాళ్ళ సామాన్లు ఉన్నాయి. నేను ఈ రెండేళ్ళలో రెండిళ్ళు మారాను. పాత కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో చూడాలి. పనితో ఊపిరి సలపడం లేదు. సైకిలు ఉండబట్టి వేళకు చేరుతున్నాను కానీ లేకపోతే ఎప్పుడో ఉద్యోగం ఊడబెరికేవారు.

అక్కా, ఒక సంగతి. రద్దు చేసినప్పుడు కంపెనీ వాళ్ళు నేరుగా బావ పేరున ఒక కార్డు రాశారు. నలభై రెండు ఆగస్టులో. అది మీకు చేరింది కదా? ఎవరి చేత చదివించుకున్నారు? అందులో ఏమి రాసి ఉన్నదో బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

బావను తొందరపడి ఎద్దును అమ్మవద్దని చెప్పు.

తమ్ముడు
రామకృష్ణప్ప


పిక్కిలి,
16 జూన్ 1944

రామకృష్ణా,

ఈ ఉత్తరం నవ్వుతూ రాయాలో ఏడుస్తూ రాయాలో తెలియడం లేదు.

నీ కార్డు మాట చదివి మా అత్తను అడిగాను. “మనకు కార్డులు రాసే మారాజులు యాడుండారే?” అని నన్నే గద్దించింది. ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? పోస్టుమాను మాయాండి వచ్చేవరకు వీధిలోకీ ఇంట్లోకీ తిరిగాను. ఆయన రాగానే సంచి పట్టుకుని నిలబెట్టాను. మాయాండి కాసేపు తల గోక్కుని, “ఏమ్మా, ఆ సావు కార్డు సంగతేనా నువ్వు అడిగేది?” అన్నాడు.

పట్నంలో ఉండి మరిచావో ఏమో. మన వైపు చావు కబురు రాసే కార్డుకు ఒక మూల చించి పోస్టు చేస్తారు. అటువంటి కార్డు గడప దాటి లోపలికి రాకూడదు. బయటే చదివించుకుని, చించి పారేసి, తలకు పోసుకుని లోపలికి రావాలి. కంపెనీ కార్డు వచ్చిన రోజు వానకు సంచి తడిసి, కార్డు మూల ఒకటి ఊడిపోయిందట. మేమిద్దరం చేనులో ఉన్నాం. అత్త ఒక్కతే ఉన్నది. చూడగానే గుండె బాదుకుని, “ఎవురు పోయినారు రా?” అన్నది. “ఇంగ్లీసులో ఉండాది, నాకు చదవను రాదు” అన్నాడు మాయాండి. ఆమె ఇంకేమీ వినలేదు. నాలుగు ముక్కలు చేసి ఎరువు గుంతలో వేసి ఏడుపు మొదలుపెట్టింది.

ఆ రోజు నాకు బాగా గుర్తున్నది. పోయింది ఎవరో తెలియకుండానే వీధంతా వచ్చి ఏడ్చింది. ఏ పేరు పెట్టి ఏడవాలో తెలియక పొరుగింటి పాపక్క, “ఓ నా పున్నెవంతుడా” అని ఏడ్చింది. పోయింది ఆడమనిషి అయితే ఏమి గతి అని ఎవరో అడిగితే, “ఓ నా పున్నెవంతురాలా” అని అది కూడా కలిపింది. అందరం తలకు పోసుకున్నాం. ఆ పొద్దున్నే ఆవు ఈని ఉన్నది. జున్నుకని కాచిన పాలు మైలని పారబోశాం. పదిహేను రోజుల తరువాత పాపిరెడ్డిపట్టిలో అత్తకు చిన్నాన్న వరస ఆయన పోయాడని తెలిసింది. “సూసినారా, ఆ కార్డు ఈయనదే!” అని అత్త అప్పటికి ఊపిరి పీల్చుకుంది. ఆయన పోయింది కార్డు వచ్చిన తరువాత అని ఎవరూ ఆలోచించలేదు.

కాబట్టి కార్డు వచ్చిన మాట నిజం. దానికి తలకు పోసుకున్నవాళ్ళు పన్నెండు మంది సాక్షులు ఉన్నారు. చిన్నప్పన్ దగ్గరికి అత్తనూ మాయాండినీ తీసుకుపోతాను. మాట నమ్మకపోతే ఏమి చేయాలో తోచడం లేదు. నీ పెట్టెలు తెరిచావా?

అక్క


బెంగుళూరు,
20 జూన్ 1944

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అయితే ఆ కార్డు మీరెవ్వరూ చదవలేదన్నమాట. బావ కూడా.

(ఇక్కడ ఒక వరస కొట్టివేసి ఉంది.)

ధర్మపురికి పోవద్దు. అత్తను ఈ వయసులో బస్సుల్లో తిప్పవద్దు. ఇట్లాంటి వాళ్ళతో తగువు పెట్టుకుంటే తెమలదు. బాకీ ఒప్పుకుని కొంచెం కొంచెంగా కడతామని చెప్పండి. నేను నెలకు పది రూపాయలు పంపుతాను. ఈ నెలది ఇవాళే మనీయార్డరు చేశాను. ఎద్దులు నిలబడతాయి, నీకూ మనసు కుదుట పడుతుంది.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

రామకృష్ణప్ప


పిక్కిలి,
27 జూన్ 1944

రామకృష్ణా,

నీ పది రూపాయలు చేరాయి. తాకలేదు, దేవుడి గూట్లో పెట్టాను. నువ్వేనా ఆ ఉత్తరం రాసింది? అణా తక్కువ ఇచ్చాడని అంగడివాడితో అరగంట పోట్లాడే పిల్లవాడు, లేని బాకీ ఒప్పుకోమని నాకు చెబుతాడా?

నీ మాట వినలేదు. నిన్న మీ బావతో సహా నలుగురం ధర్మపురికి వెళ్ళాం. పెట్రోలు దొరకక బొగ్గు పొయ్యితో నడిపే బస్సు, దారిలో మూడుసార్లు ఆగింది. డ్రైవరు దిగి పొయ్యి ఊదుతుంటే అత్త ఆయనకు ఊదడం నేర్పింది. చిన్నప్పన్ మమ్మల్ని తిన్నె మీద కూర్చోబెట్టి, కార్డు కథంతా విన్నాడు. అత్త ఏడుపుతో సహా చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తరువాత నవ్వడం మాని ఇట్లా అన్నాడు, వచ్చీరాని తెలుగులో:

“అమ్మా, కార్డు వచ్చింది. నేను నమ్ముతా. కాని అందులో ఏముందో మీరు చూడలేదు, నేను చూడలేదు. మూడు కంతులు కట్టినవాళ్ళు రద్దు చేస్తే కంపెనీ సగం తిరిగి ఇస్తాది. మీకు నలభై రెండు రూపాయిలు రావల్ల. ఆ కాసు ఎవరో స్టాంపు మీద సంతకం పెట్టి వాంగి, తీసుకుని ఉంటారు. వాళ్ళ దగ్గర రసీదు నకలు ఉంటాది. అది తెండి, ఈ కణక్కు, ఈ లెక్క, నేనే కొట్టేస్తా.”

తిరిగి వస్తున్నంతసేపూ మీ బావ కండువా మడతలు వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు. నేను మాత్రం లోపల లోపల నలభై రెండు, నలభై రెండు అనుకుంటూ వచ్చాను. రద్దు చేస్తే డబ్బు వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. అర్జీ ఇచ్చింది నువ్వు. ఆఫీసుకు పోయింది నువ్వు. నీకైనా చెప్పారా?

నీ ఉత్తరంలో ఒక వరస కొట్టేసి ఉంది. ఎండకు పట్టి చూశాను. ఏమీ తెలియలేదు. నా దగ్గర ఎప్పుడూ ఏదీ కొట్టేయని పిల్లవాడివి.

జవాబు రాయి.

అక్క


పిక్కిలి,
9 జూలై 1944

రామకృష్ణా,

పన్నెండు రోజులైంది. మాయాండి రోజూ మా ఇంటి ముందు చేతులు ఊపుతూ పోతున్నాడు. నన్ను చూసి జాలిపడి నిన్న ఎవరిదో ఖాళీ కవరు ఇవ్వబోయాడు.

నిన్న ఎద్దుల బేరగాడు వచ్చాడు. మీ బావే పిలిపించాడు. ఎర్ర ఎద్దుకు నూట ఇరవై అంటున్నాడు. నేను అడ్డం నిలబడి పంపేశాను. మళ్ళీ వస్తాడు. కుండలు కడిగినవే కడుగుతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి పోయి మరిచిపోతున్నాను. అత్త, “దీనికి గాలి సోకినాది” అంటున్నది.

నీకు జ్వరమా? ఉద్యోగం పోయిందా? ఏదైనా సరే రాయి. నువ్వు రాయకపోతే నేను ఏవేవో అనుకుంటున్నాను. వాటిలో ఒకటి కాగితం మీద పెట్టలేను.

అక్క


బెంగుళూరు,
14 జూలై 1944

అక్కా,

ఇది రిజిష్టరు పోస్టు. లోపల రసీదు ఉన్నది. చదివితే నీకే తెలుస్తుంది. అయినా నా చేత్తో రాయాలి.

ఆ నలభై రెండు రూపాయలు వాంగింది నేనే.

మీకు మనీయార్డరు చేయాలనే బయలుదేరాను, ఒట్టు. పోస్టాఫీసుకు నడిచిపోతుంటే దారిలో ఒక తోటమాలి సైకిలు అమ్మకానికి పెట్టాడు. ఎవరో దొర పట్టాళానికి పోతూ వాడికి ఇచ్చేసినది. నలభై అన్నాడు. రోజూ నాలుగు మైళ్ళు నడిచి, ఆలస్యమని ఆఫీసులో అందరి ముందూ తిట్లు తిని, నాకు విసుగెత్తి ఉన్నది. కొనేశాను. మిగిలిన రెండు రూపాయలతో గంటా దీపమూ పెట్టించాను. పస్తులుండి వాడుకున్నానని రాస్తే నీ మనసు కరుగుతుంది, కాని అది అబద్ధం. ఆ పూట ఇంటికి తొక్కుకుంటూ పోతే నాకు ఎంత సంతోషమైందో ఆ సంతోషం కూడా నీకు చెప్పాలి.

నెలనెలా అయిదు చొప్పున పంపి, తరువాత చెబుదామనుకున్నాను. ఇంతలో కంపెనీ గుమాస్తా, “డబ్బు మీ చేతికి ఇచ్చినట్టు మీ బావకు కార్డు రాసేశాం” అన్నాడు. ఆ నెలంతా నీ ఉత్తరం వస్తుందని భయపడి చచ్చాను. వచ్చింది. అందరూ బాగున్నారా అని మాత్రం అడిగావు. డబ్బు మాట లేదు. కార్తీకంలో ఎప్పటిలాగే చింతపండూ నువ్వుల ఉండలూ పంపావు. ఆ మూట విప్పి ఏడ్చాను. అక్క తెలిసి కూడా నన్ను ఏమీ అనలేదు, బావను కూడా అననివ్వలేదు అనుకున్నాను. రెండేళ్ళు ఆ ధైర్యంతో బతికాను. నువ్వు పంపిన ఉండలు మీరు నన్ను మన్నించినట్టు తిన్నాను.

నీ జూన్ ఉత్తరంతో అదంతా నేలకూలింది. మీకు తెలియనే తెలియదు. చెప్పే నోరు రాక బాకీ ఒప్పుకోమన్నాను. కొట్టేసిన వరసలో ఇదే ఉంది.

రసీదు ఎందుకు దాచానో, ఎందుకు చించేయలేదో నాకే తెలియదు. అది చిన్నప్పన్‌కు చూపించు. నలుగురి ముందు చదువుతాడు, తెలుసు. చదవనీ. బావకు ఎట్లా చెప్పాలో మాత్రం నాకు తెలియడం లేదు.

రామకృష్ణప్ప


పిక్కిలి,
25 జూలై 1944

రామకృష్ణప్పకు,

రసీదు పద్దెనిమిదో తేదీన చేరింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. బియ్యం కుండలో పెట్టి, అన్నం వండిన ప్రతిసారీ దాన్ని చూస్తూ ఉన్నాను. నిన్ను చిన్నప్పుడు కొట్టనందుకు నాన్న మీద కోపం వచ్చింది. తరువాత నా మీద వచ్చింది. నాలుగో రోజు బేరగాడు మళ్ళీ వచ్చి ఎర్ర ఎద్దు మెడ తాడు పట్టుకున్నాడు. “ఎద్దును వదులు, కాగితం దొరికింది” అన్నాను. మీ బావ నన్ను చూశాడే కానీ, ఎక్కడ దొరికిందని అడగలేదు. నేను చెప్పలేదు. ధర్మపురి బస్సులో చెబుదామనుకున్నాను, అంతలో ఊరు వచ్చేసింది.

చిన్నప్పన్ ఇంటి తిన్నె మీద ఆ రోజు ఆరేడుగురు ఉన్నారు. మనవాళ్ళే ఇద్దరు, పెన్నాగరం వైపు వాళ్ళు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. రద్దు అయిన తేదీ చదివాడు, మొత్తం చదివాడు. కింద సంతకం దగ్గర ఆగి, “రామకృష్ణప్ప, బెంగుళూరు” అన్నాడు. తిన్నె మీద అందరూ మీ బావ వైపు తిరిగారు. నేను గోడ వైపు తిరిగాను.

“కణక్కు తీరిపోయింది. కంపెనీదే తప్పు, నేను మద్రాసుకు రాస్తా” అన్నాడు చిన్నప్పన్. నోటీసు మీద అడ్డంగా గీత గీసి, బాకీ లేదని రాసి చేవ్రాలు చేశాడు. పెన్ను మూత పెట్టకుండానే మీ బావతో, “కాటప్పా, ఒకటి అడగల్ల. ఈ కాసు నీ చేతికి వచ్చిందా? రాలేదంటే సంతకం పెట్టినవాని మీద కేసు పెట్టొచ్చు. నేనే రాసిస్తా” అన్నాడు.

మీ బావకు చదువు రాదు. ఆ రసీదులో సైకిలు మాట లేదు. నేను ఆయనకు ఏదీ చెప్పి ఉండలేదు. సైకిలు ఉండబట్టి వేళకు చేరుతున్నానన్న నీ జూన్ ఉత్తరం మాత్రం చదివి వినిపించాను. ఆయన లేచి నిలబడి కండువా దులుపుకున్నాడు.

“ఏమిటికి కేసు? నేనే వానికి ఇయ్యమన్నా. నా బామర్ది బెంగుళూరులో దినమూ నడిచి నడిచి అగసాట్లు పడతా ఉండె. సైకిలు వాంగుకోమని నేనే చెప్పినా” అన్నాడు.

తిన్నె మీద ఒకాయన, “బామర్ది అంటే ఇట్లా చూసుకోవల్ల” అన్నాడు. మీ బావ తల ఊపాడు. అట్లా తల ఊపుతున్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను, రామకృష్ణా. పెళ్ళయి పదహారేళ్ళు. అబద్ధం చెప్పగా ఎన్నడూ చూడలేదు. నీ కోసం చెప్పాడు. నా కోసం చెప్పాడేమో, అడగలేదు.

బస్సు దిగి ఊరికి నడుస్తుంటే ఆయన ముందు, నేను వెనక. చాలా దూరం వచ్చాక, “ఆ కాయితం ఎన్ని దినాలు దాచినావు?” అన్నాడు. “మూడు” అన్నాను. “నేను తట్టుకోలేననుకుంటివా?” అన్నాడు. నీ గురించి ఆ దారిలో ఒక్క మాట అనలేదు. ఈ నాలుగు రోజులుగా కూడా అనలేదు. నిన్న విత్తడం మొదలుపెట్టాడు. రెండు ఎద్దులూ చేనులోనే ఉన్నాయి. నేను గంజి తీసుకుపోతే తాగి చెంబు ఇచ్చేస్తాడు, అంతే. నేను మాట కలిపితే ఎద్దులను అదిలిస్తాడు.

నాకు నీ మీద కోపం ఉంది. డబ్బు కంటే, నెల రోజులు నన్ను పిచ్చిదాన్ని చేసి వీధిలోకీ ఇంట్లోకీ తిప్పినందుకు ఉంది. బాకీ ఒప్పుకోమన్నావే, అందుకు ఇంకా ఉంది. మేము నిన్ను మన్నించామనుకుని రెండేళ్ళు హాయిగా ఉన్నావట. మేము మన్నించలేదు. మాకు తెలియదు, అంతే. ఇప్పుడు తెలిసింది. కాబట్టి అడగవలసింది ఇప్పుడు అడగాలి. ఉత్తరంలో కుదరదు. మీ బావకు చదివి వినిపించేది నేనే, నా గొంతుతో నీ క్షమాపణ నేను చెప్పను.

సెలవు పెట్టి రా. డబ్బు సంగతి తరువాత చూసుకుందాం. ఈ వారమంతా ఆయన కొండ వైపు చేనులో ఉంటాడు. నువ్వు బస్సు దిగి నేరుగా చేనుకే పో. ఎండలో నిలబెడితే నిలబడు. తిడితే విను. ఏమీ అనకపోతే మడక మేడికి చెయ్యి వెయ్యి.

ఇంటికి మాత్రం ముందు రావద్దు. గడపలో నిన్ను చూశానంటే నేను అన్నం పెట్టేస్తాను.

అక్క
నాగవేణమ్మ